టెక్సాస్‌లో ఇంటి డీడ్ (యాజమాన్య పత్రం) కాపీ కనిపించడం లేదు, ఇప్పుడు భార్య పేరు చేర్చాలి. ఎక్కడ అడగాలి?

ఇల్లు ఏ కౌంటీలో ఉంటే ఆ కౌంటీ క్లర్క్ ఆఫీసులో. ఫ్రిస్కో లాంటి ఊరు కాలిన్, డెంటన్ కౌంటీలు రెండింట్లోనూ ఉంది కాబట్టి ముందు టాక్స్ బిల్లు చూసుకోండి.

అప్రైజల్ డిస్ట్రిక్ట్ (పన్ను కోసం ఇంటి విలువ కట్టే సంస్థ) సైట్‌లో అడ్రస్ కొడితే సాధారణంగా డీడ్ తేదీ, నంబరు కనిపిస్తాయి. ఆ నంబరుతో క్లర్క్ సైట్‌లో వెతకండి. నంబరు దొరక్కపోతే పేరుతో వెతకాలి: అమ్మినవాళ్లు గ్రాంటర్, కొన్నవాళ్లు గ్రాంటీ. మన పేర్లతో ఇక్కడే తంటా. ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ తారుమారు చేసి కూడా చూడండి. మామూలు కాపీ పేజీకి డాలరే. ఇల్లు కొన్న కొత్తలో "డీడ్ కాపీ తెప్పిస్తాం" అంటూ ప్రభుత్వ నోటీసు వేషంలో, దానికి ఎన్నో రెట్లు అడిగే ఉత్తరాలు వస్తుంటాయి. చించి పారేయండి.

పేరు చేర్చడానికి కొత్త డీడ్ రాయించి, నోటరీ ముందు సంతకం చేసి, ఒరిజినల్ క్లర్క్ ఆఫీసులో ఇవ్వాలి. గ్రాంటీ (ఇక్కడ, హక్కు పొందేవాళ్లు) మెయిలింగ్ అడ్రస్ కూడా అందులో రాయండి. ఇంటి నంబరు ఒక్కటే సరిపోదు, లాట్, బ్లాక్ (స్థలాన్ని గుర్తించే నంబర్లు) వివరాలు పాత డీడ్‌లో ఉన్నవి ఉన్నట్టు దించండి. లోన్ ఉంటే బ్యాంకును ముందే అడగడం మంచిది. క్లర్క్ రికార్డు చేస్తారే గానీ, రాతలో తప్పులు దిద్దరు.