ప్రాంతీయ విద్యా కార్యాలయం బడులకు, విద్యార్థులకు ఏం చేస్తుంది?

ఒక్కో బడి విడిగా భరించలేని పనులను ఆ ప్రాంతంలోని బడులన్నిటి తరఫునా ఒకేచోట చేసిపెట్టడమే ప్రాంతీయ విద్యా కార్యాలయం ప్రధాన పని. టీచర్ల శిక్షణ, భవనాల భద్రత తనిఖీ, బడి మానేసిన పిల్లలను మళ్లీ చేర్పించడం లాంటివన్నమాట. ఏవేవి ఉంటాయన్నది ఆ చోటి చట్టాన్ని బట్టి మారుతుంది.

కారణం చాలావరకు ఖర్చే. వినికిడి లోపం ఉన్న విద్యార్థి ఒక బడిలో ఒక్కరే ఉంటే, ఆ ఒక్కరి కోసం నిపుణుడైన టీచర్‌ను పూర్తి జీతమిచ్చి పెట్టుకోవడం కుదరదు. అలాగని వదిలేయనూ లేరు. కార్యాలయమే ఆ టీచర్‌ను నియమిస్తే సోమవారం ఒక బడికి, మంగళవారం ఇంకో బడికి వెళ్తారు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో 1948లో చట్టం ద్వారా వచ్చిన బోసెస్ (సహకార విద్యా సేవల బోర్డులు) అనే సంస్థలు ఇలాగే నడుస్తాయి: స్కూల్ డిస్ట్రిక్టులు, అంటే అక్కడ ఒక్కో ప్రాంతంలోని బడులను నడిపే స్థానిక సంస్థలు, తమకు కావాల్సిన సేవలు ఎంచుకుని ఖర్చు పంచుకుంటాయి.

చాలామంది ప్రాంతీయ కార్యాలయాన్ని హెడ్మాస్టర్‌కు పైన కూర్చున్న బాస్ అనుకుంటారు. కొన్నిచోట్ల అజమాయిషీ ఉన్నమాట నిజమే. కానీ మార్కుల గొడవ, సెక్షన్ మార్పు లాంటివి మొదట తేల్చాల్సింది బడే. నేరుగా కార్యాలయానికి అర్జీ పెడితే, సాధారణంగా అది తిరిగి హెడ్మాస్టర్ బల్ల మీదికే వస్తుంది, కాస్త ఆలస్యంగా.