అమర్షమ్‌లో ఇల్లు కొంటున్నారా? హైదరాబాద్ ఫ్లాట్ సంగతి ముందు తేల్చుకోండి

లండన్‌కి వాయవ్యంగా, బకింగ్‌హామ్‌షైర్ కౌంటీలో ఉన్న ఊరు అమర్షమ్. అక్కడ ఇల్లు చూస్తున్నామంటే ముందు అడగాల్సింది ఏ అమర్షమ్ అని. మిస్‌బోర్న్ వాగు పక్కన లోయలో ఉన్నది పాత ఊరు: 1682 నాటి మార్కెట్ హాలు, ఒకప్పటి గుర్రబ్బండ్ల సత్రాలు, వంకర దూలాల ఇళ్లు. ఊరి భూస్వాములైన డ్రేక్ కుటుంబం రైలును లోయలోకి రానివ్వలేదంటారు. దాంతో మెట్రోపాలిటన్ రైల్వే 1892లో స్టేషన్‌ని గుట్టమీద పెట్టింది. దాని చుట్టూ పెరిగిందే అమర్షమ్-ఆన్-ది-హిల్. 1915 నుంచి ఆ కంపెనీయే ఈ పల్లెలకు 'మెట్రోల్యాండ్' అని పేరు పెట్టి లండన్‌వాళ్లను ఊరించింది. మన వెంచర్ల బ్రోషర్లకు తాతలాంటిది!

పాత ఊళ్లో కొంటే రోజూ గుట్టెక్కి స్టేషన్‌కి నడవాలి, చలికాలం చీకట్లో కూడా. అక్కడ చాలా ఇళ్లు లిస్టెడ్, అంటే చారిత్రక కట్టడాలుగా చట్టరక్షణ ఉన్నవి. కిటికీ మార్చాలన్నా కౌన్సిల్ అనుమతి కావాల్సి రావచ్చు. పాత యజమాని అనుమతి లేకుండా చేసిన మార్పును సరిచేసే భారం కొన్నవాళ్ల మెడకే చుట్టుకుంటుంది. అందుకని అలాంటి ఇంటికి లెవల్ 3 సర్వే (కట్టడం మొత్తాన్ని వివరంగా పరీక్షించేది) చేయించండి, అంతకంటే పైపైన చూసే లెవల్ 2 చాలదు.

స్టేషన్ లండన్ రవాణా చార్జీల జోన్ 9లో ఉంది. లండన్ అండర్‌గ్రౌండ్‌కి చెందిన మెట్రోపాలిటన్ లైన్‌తో పాటు లండన్‌లోని మేరిల్‌బోన్ స్టేషన్‌కి వెళ్లే చిల్టర్న్ కంపెనీ రైళ్లు కూడా ఇక్కడ ఆగుతాయి. లండన్ ప్రయాణ కార్డు ఆయిస్టర్ పనిచేస్తుంది.

చుట్టూ గ్రీన్ బెల్ట్ (నిర్మాణాలపై కట్టడి ఉన్న పచ్చటి భూమి) కావడంతో కొత్త కాలనీలు లేవడం కష్టం, ధరలూ అంత తేలిగ్గా దిగవు. మనవాళ్లు ఇక్కడికి రావడానికి అసలు కారణం గ్రామర్ స్కూళ్లు, అంటే ప్రవేశపరీక్ష పెట్టి పిల్లల్ని చేర్చుకునే ప్రభుత్వ హైస్కూళ్లు. 1624లో మొదలైన అబ్బాయిల డాక్టర్ చాలనర్స్ ఊళ్లోనే ఉంది, అమ్మాయిలది లిటిల్ చాల్‌ఫాంట్‌లో. పరీక్ష ప్రైమరీ చివరి ఏడాదైన ఇయర్ 6 మొదట్లో, సెప్టెంబరులో ఉంటుంది. పాస్ కావడానికి 121 స్కోరు రావాలి. బకింగ్‌హామ్‌షైర్ ప్రభుత్వ ప్రైమరీలో చదివే పిల్లల పేర్లు వాటంతటవే నమోదవుతాయి. బయటివాళ్లు మాత్రం ఇయర్ 5లోనే, వేసవి సెలవులకు ముందే నమోదు చేసుకోవాలి. పాసైనంత మాత్రాన సీటు వచ్చినట్టు కాదు, క్యాచ్‌మెంట్ (స్కూలు ముందుగా సీట్లిచ్చే ప్రాంతం) కూడా చూస్తారు. ఏజెంట్ మాట నమ్మకుండా స్కూలు అడ్మిషన్ మ్యాప్‌లో ఇంటి పోస్ట్‌కోడ్ మీరే చూసుకోండి.

ఇక మనవాళ్లకు దెబ్బ తగిలేది స్టాంప్ డ్యూటీలో. 2025 ఏప్రిల్ నుంచి ఉన్న రేట్ల ప్రకారం 6,00,000 పౌండ్ల ఇంటికి 20,000 పౌండ్లు కట్టాలి. మీ పేరునో మీ భార్య లేదా భర్త పేరునో హైదరాబాద్‌లో ఫ్లాట్ ఉండి, అందులో మీ వాటా విలువ 40,000 పౌండ్లు దాటితే, ఇక్కడిది రెండో ఇంటి లెక్కలోకి వస్తుంది. మొత్తం ధర మీద మరో 5 శాతం పడుతుంది. అంటే 20,000 కాస్తా 50,000 అవుతుంది. ఇల్లు లేని ఖాళీ ప్లాటు, పొలం ఈ లెక్కలోకి రావు. 'మొదటి ఇల్లు' రాయితీ కూడా ప్రపంచంలో ఎక్కడా ఎన్నడూ ఇల్లు లేనివాళ్లకే. తాతగారి నుంచి వాటాగా వచ్చిన ఇల్లయినా సరే ఆ రాయితీ పోయినట్టే. రాయితీకి అర్హత ఉన్నా 5,00,000 పౌండ్లు దాటిన ఇంటికి అది వర్తించదు.

ఆ ఫ్లాట్ అమ్మేద్దామనుకుంటే ఇక్కడ కొనకముందే రిజిస్ట్రేషన్ పూర్తి చేయండి. కుదరకపోతే ఇంకో దారి: ఇక్కడ కొనడానికి ముందు మూడేళ్లలోపు మీరు అందులో స్వయంగా కాపురం ఉండి, కొన్నాక మూడేళ్లలోపు అమ్మేస్తే ఆ 5 శాతం వాపసు అడగొచ్చు. ఈ దేశానికి వచ్చి ఏడాది నిండకపోతే ఇంకో 2 శాతం కూడా పడొచ్చు. కొనుగోలుకు ముందు 12 నెలల్లో 183 రోజులు ఇక్కడ ఉన్నారా అన్నదే అక్కడ లెక్క.

ఇంగ్లండ్‌లో ఆఫర్ ఒప్పుకున్నా, ఇరువైపులా సంతకం చేసిన కాంట్రాక్టులు మార్చుకునేదాకా ఇల్లు మీది కాదు. ఎవరైనా ఎక్కువ ఇస్తానంటే అమ్మేవాళ్లు అటు తిరిగిపోవచ్చు, సర్వేకి పెట్టిన డబ్బు పోయినట్టే. కాంట్రాక్టుల రోజున సాధారణంగా ధరలో 10 శాతం అడ్వాన్సుగా కడతారు. ఇండియా నుంచి అమ్మానాన్నలు పంపే డబ్బు ఆలస్యమయ్యేది ఇక్కడే. మీ సొలిసిటర్ (కొనుగోలు చూసే లాయర్) అమ్మానాన్నల బ్యాంకు స్టేట్‌మెంట్లు, డబ్బు ఎక్కడిదో చూపే సేల్ డీడ్, డబ్బు తిరిగి అడగబోమని రాసిచ్చే గిఫ్ట్ లెటర్ అడుగుతారు. ఇండియాలోనేమో విదేశాలకు పంపడానికి ఒక్కొక్కరికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల పరిమితి, 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను). అది రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది గానీ పంపే రోజున చేతిలో ఉండాలి. కాబట్టి ఇల్లు నచ్చాక కాదు, చూడటం మొదలుపెట్టినప్పుడే పంపించమనండి.