వెదురు సాగు: లావు చూసి నరకొద్దు, వయసు చూసి నరకండి

ప్రశ్న: బాల్కోవా వెదురు నాటి నాలుగున్నరేళ్లయింది. ఒక్కో పొదలో పాతిక దాకా గడలున్నాయి. లావుగా ఉన్నవన్నీ తానే నరికించుకుంటానని వ్యాపారి అంటున్నాడు. ఒప్పుకోవచ్చా?
– ఒక రైతు, సత్తుపల్లి

జవాబు: వద్దు. వెదురు గడ చెట్టులా ఏటేటా లావెక్కదు. ఎంత లావుతో నేలలోంచి పొడుచుకొచ్చిందో అంతే. రెండు మూడు నెలల్లో పూర్తి ఎత్తుకు సాగి, ఆ తర్వాత మూడేళ్లపాటు గట్టిపడుతుంది. పొద ముదిరేకొద్దీ పిలకలు లావుగా వస్తాయి. అంటే, మీ పొదలో అన్నిటికంటే లావైనవే అన్నిటికంటే లేతవి. అవి కొడితే వ్యాపారికి దక్కేది పుచ్చిపోయే కర్ర, మీకు మిగిలేది వచ్చే ఏడు సన్న పిలకలు. మొదటి కోతలో సన్న గడలే వస్తాయి, ఆశపడి ప్రయోజనం లేదు.

వయసు గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ఏడాది గడకు కింది కణుపుల దగ్గర అట్టలాంటి పొర ఇంకా అంటుకుని ఉంటుంది, ఒంటిమీద తెల్లటి బూడిద కనిపిస్తుంది. మూడేళ్లు దాటినది పచ్చదనం తగ్గి, బూడిదరంగు మచ్చలు పడి ఉంటుంది. అయినా ఏటా దసరా దాటాక ఆ ఏడాది వచ్చిన గడలకు ఒక రంగు, మరుసటి ఏడాది వాటికి మరో రంగు పెయింటు గీత పెట్టండి. కూలీలకు చెప్పడం తేలిక.

నరకడం నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు. వానల్లో కత్తి పెడితే పిలకలు విరుగుతాయి. కొత్త పిలకలు పొద అంచున వస్తాయి, ముదురు గడలు నడుమ ఇరుక్కుంటాయి. కూలీలు చేతికందే అంచువే కొడతారు, పొదలు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. ఒక పక్క నుంచి దారి చేసుకుని లోపలికి వెళ్లి, మిగిలిన పొద గుర్రపు లాడం ఆకారంలో ఉండేలా ముదురువి తీయాలి. ఆ దారి కొత్త పిలకలు తక్కువ వచ్చిన వైపు పెట్టండి. నేల నుంచి ఒకటి రెండు కణుపులు వదిలి, సరిగ్గా కణుపు పైన రంపంతో కోయండి. కణుపుల మధ్య కోస్తే మోడు గిన్నెలా మారి నీళ్లు నిలుస్తాయి, దుంపకు కుళ్లు దిగుతుంది. కొత్త గడలన్నీ ఉంచి, కనీసం అన్నే పాతవీ తోడుగా ఉంచండి. గాలికి ఆసరా అవే, పిలకలకు తిండి పంపేదీ అవే. కోత అయ్యాక పొద మొదలు చుట్టూ మట్టి ఎగదోయండి, లేకుంటే దుంపలు పైకి తేలతాయి.

ప్రశ్న: నరికిన గడల నుంచి రెండు నెలలకే పసుపుపచ్చ పొడి రాలుతోంది. ఎందుకు?

జవాబు: పుచ్చు పురుగు. కర్రలోని పిండిపదార్థమే దానికి ఆహారం, అందుకే లేత గడలకు ముందు పడుతుంది. నరికిన గడను ఆకులతో సహా వారం రోజులు నిలబెట్టి ఉంచితే కొంత పిండి ఖర్చవుతుంది. పారే నీటిలో రెండు నుంచి నాలుగు వారాలు నానబెట్టడం మేదరులకు తెలిసిన పాత పద్ధతి. ఎక్కువకాలం ఆగాలంటే 100 లీటర్ల నీటిలో 3 కిలోల బొరాక్స్, 2 కిలోల బోరిక్ యాసిడ్ కలిపి వారం ముంచండి. పైచర్మం మందును పీల్చదు కాబట్టి ముందు ఇనుప ఊచతో లోపలి కణుపు అడ్డాలు పొడవాలి. ఈ మందు వానకు కడుక్కుపోతుంది, పందిళ్లకు పనికిరాదు.

ప్రశ్న: పొదలో ఒక గడకు పూత వచ్చింది. ఏం చేయాలి?

జవాబు: ముందు పక్క పొదలు చూడండి. ఒకటి రెండు గడలకే పరిమితమైతే వాటిని తీసేసి గమనించండి. పొదంతా పూస్తే గింజ రాల్చి ఎండిపోతుంది, ఎరువులూ నీళ్లూ దాన్ని ఆపలేవు. గడలు పెళుసెక్కకముందే కోసి అమ్మండి. ఎండిన పొద నిప్పుకు, రాలిన గింజ ఎలుకలకు పిలుపు. ఆ పొద నుంచి కణుపు ముక్కలు తీసి నాటకండి, ఒకే తల్లి పిల్లలు గనుక అవీ త్వరలోనే పూస్తాయి. నర్సరీలో మొక్కలు కొనేటప్పుడు తల్లి పొద వయసు అడగమనేది ఇందుకే.