వరంగల్‌లో చదువుకునేటప్పుడు ఊరి స్నేహితులొస్తే ఏం చూపించాలి? చెరువు చూపించండి

"పీజీ కోసం ఈ ఏడాదే వరంగల్ వచ్చాను. ఊరి నుంచి స్నేహితులు రెండు రోజులకు వస్తున్నారు. నాకే ఈ ఊరు సరిగా తెలియదు. వాళ్లను ఎక్కడెక్కడ తిప్పాలి?" అని ఒకరు అడిగారు.

మాది కోనసీమలో రాజోలు దగ్గర. కాకతీయ విశ్వవిద్యాలయంలో పీజీ చేస్తూ కేయూ క్రాస్ దగ్గర గది తీసుకుని ఉంటున్నాను. మావాళ్లు కూడా ఇలాగే వచ్చారు. వేయి స్తంభాల గుడి, కోట, భద్రకాళి గుడి ఎవరైనా చెప్తారు. మీరు చెప్పకపోయినా మీ వాళ్లే ఫోన్లో చూసుకుని వచ్చి అడుగుతారు. మీరు పట్టుబట్టి చూపించాల్సింది మాత్రం రామప్ప చెరువు కట్ట. అది చూడకుండా వెళ్లినవాళ్లు వరంగల్ చూడనట్టే అని నా గట్టి నమ్మకం.

మొదటి రోజు సంగతి తొందరగా చెప్పేస్తాను. మా వైపు నుంచి గౌతమి రైల్లో వస్తే ఇంకా తెల్లవారకుండానే దిగుతారు. గదికి తీసుకెళ్లి కాసేపు పడుకోనివ్వండి. పొద్దున్నే వేయి స్తంభాల గుడికి వెళ్లండి, ఎండెక్కితే ఆ రాతి మీద కాళ్లు పెట్టలేరు. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి. శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి మూడు గర్భాలయాలు ఉంటాయి. కోటకు సాయంత్రం వెళ్లండి. అందరూ కీర్తి తోరణాల దగ్గర ఫోటోలు దిగి వెనక్కి వచ్చేస్తారు. మీరు అలా చేయకండి. రాతికోట గోడ, దాని చుట్టూ అగడ్త, ఆ బయట మట్టికోట కట్ట, ఇవన్నీ నడిచి చూస్తేనే ఆ కోట ఎంతదో తెలుస్తుంది. లోపల ఇప్పటికీ మనుషులు కాపురాలుంటున్నారు, పొలాలు దున్నుకుంటున్నారు. ఆటోవాళ్లు "అరగంటలో చూపిస్తా" అంటే ఒప్పుకోకండి. అరగంటలో కోట చూపిస్తాననేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది.

రెండో రోజు రామప్ప గుడి. హనుమకొండ బస్టాండులో ములుగు బస్సెక్కి, అక్కడి నుంచి గుడి ఉన్న పాలంపేటకు ఆటో మాట్లాడుకోవచ్చు. వరంగల్ నుంచి దాదాపు 70 కిలోమీటర్లు. గుడి గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. 1213లో కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఎర్ర ఇసుకరాయి గోడలు, నున్నగా మెరిసే నల్లరాతి స్తంభాలు, చూరు కింద మదనికలు, అంటే నాట్య భంగిమల్లో ఉన్న ఆడవాళ్ల బొమ్మలు. మావాళ్లు ఆ మదనికల దగ్గరే చాలాసేపు ఉండిపోయారు, ఉండాల్సిందే కూడా. నాకున్న బాధల్లా ఒకటే. అక్కడ ఎవరి నోట విన్నా నీళ్లలో తేలే ఇటుక గురించే. శిఖరానికి బరువు తక్కువ ఇటుకలు వాడారు, నిజమే, గొప్ప పనే. కానీ ఇంత గుడి పెట్టుకుని ఇటుక ఒక్కటే విని వెళ్లిపోతే ఎలా? కాకతీయుల కాలం నాటి పేరిణి నృత్యాన్ని నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు మళ్లీ నిలబెట్టింది ఈ గోడల మీది శిల్పాలు చూసే. ఆ మాట ఆ రోజు ఎవరూ మాకు చెప్పలేదు, నేనే మావాళ్లకు చెప్పాను.

గుడి నుంచి బయటికి రాగానే "ఆకలేస్తోందిరా, ములుగు పోయి తిందాం" అని గొడవ మొదలుపెట్టారు. నేను ఒప్పుకోలేదు. దగ్గర్లోనే రామప్ప చెరువు. దాన్ని కట్టించింది కూడా రేచర్ల రుద్రుడే. కట్ట ఎక్కేవరకు సణుగుతూనే ఉన్నారు. ఎక్కాక ఎదురుగా కొండల దాకా నీళ్లు. వాళ్లలో ఒకడికి ఇంటి దగ్గర కొబ్బరితోట, కాలవ కింద వరి ఉన్నాయి. వాడు నీళ్లకేసి, కట్టకేసి మార్చి మార్చి చూసి అడిగాడు.

"దీనికి ఏ కాలవొస్తుందిరా?"

"కట్టినప్పుడు ఏ కాలవా లేదు. వాననీళ్లే."

"వాననీళ్లతో ఇన్ని పొలాలు పండించారా?"

వాడు నమ్మలేదు. వాడి తప్పు కాదు. మాకు నీళ్లంటే ధవళేశ్వరం. కాటన్ దొర 1852కి ఆనకట్ట పూర్తి చేశాక కాలవ వచ్చింది, కాలవ నుంచి బోదె, బోదె నుంచి చేను. లాకుల దగ్గర నీళ్లు వదిలే లస్కరు ఉంటాడు. ఇక్కడ నేల మాలాంటి ఒండ్రు కాదు, కింద రాయి. గోదావరి ఉన్నా ఎక్కడో పల్లంలో పారుతుంది. అందుకని రెండు గుట్టల మధ్య కట్ట పోసి, వాగుల్లో వచ్చే వాననీటిని అక్కడే పట్టేశారు. పొలాలకు నీళ్లు వదలడానికి కట్ట అడుగున రాతితో తూము పెట్టారు, నిండితే పొర్లిపోవడానికి మత్తడి పెట్టారు. పై చెరువు మత్తడి దూకితే ఆ నీళ్లు కింది చెరువులోకి వెళ్తాయి, అది నిండితే దాని కిందిదానిలోకి. గుడులు చూసి కాకతీయులను పొగుడుతాం కానీ ఆ గుడుల ఖర్చు ఈ చెరువుల కింద పండిన పంటే భరించిందని నేను అంటాను. ఎవరైనా కాదంటే వాళ్లను ఆ కట్ట మీద నిలబెట్టి మాట్లాడమనండి.

మా మాటలు విని కట్ట మీద బర్రెలు తోలుకొస్తున్న ఒక పెద్దాయన ఆగాడు.

"ఏ ఊరు బిడ్డా మీది?"

"రాజోలండీ, కోనసీమ."

"గోదావరి జిల్లానా? మీకేందయ్యా, ఏడాదంతా కాలువ నీళ్లు."

"ఎక్కడండీ బాబాయ్, మాది కాలవ చివరి చేను. పైవాళ్లు తడుపుకున్నాక మిగిలితేనే మాకు."

అంతే, ఆ పెద్దాయన, మా కొబ్బరితోట వాడు కలిసిపోయారు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి మడికి ముందు, చివరి మడికి ఎన్నాళ్లకు అందుతుంది, మధ్యలో ఎవరైనా గండి కొడితే ఏం చేస్తారు, ఇవే మాటలు. "ఎనకట నీరటోళ్లు చూసుకునేది ఇదంతా" అని ఆయన చెప్తే, మా వాడు లస్కర్ల సంగతులు చెప్పాడు. తర్వాత ఆయనే అన్నాడు, "ఇప్పుడు దేవాదుల కెళ్లి గోదావరి నీళ్లు గూడ తెస్తున్నరు ఈ చెరువుల్లకు" అని. దేవాదుల అంటే గోదావరి నీళ్లను ఎత్తిపోసే పథకం. మా వాడు ఎగిరి గంతేశాడు. "అంటే మన గోదారేరా! మనకంటే ముందు వీళ్లే తాగుతున్నారు!" పెద్దాయన పడీపడీ నవ్వాడు. ఆకలని గొడవ చేసినవాళ్లను కట్ట దింపడానికి నేనే బతిమాలాల్సి వచ్చింది. ఇంటికెళ్లాక ఆ కొబ్బరితోట వాడు వాళ్ల నాన్నకు మదనికల గురించి కాదు, తూము గురించి చెప్పాడట.

రామప్ప దాకా వెళ్లే వీలు లేకపోతే భద్రకాళి చెరువు కట్ట మీద నడిపించండి, వడ్డేపల్లి చెరువైనా సరే. అయితే ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఈ ఊళ్లో చెరువుల శిఖం భూముల్లోకి, అంటే నీళ్లు నిలిచే చోటుకి, వాటికి నీళ్లు తెచ్చే నాలాల్లోకి ఇళ్లు వచ్చేశాయి. 2023 జూలై వరదల్లో హనుమకొండలో కాలనీలు మునిగాయి. నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటూ వచ్చాయి, అంతకంటే ఏముంది? గది అద్దెకు తీసుకునేటప్పుడు మా ఓనర్‌ను నేను మొదట అడిగింది అదే, ఇక్కడ ఇంతకుముందు ఏముండేదని. కొత్తగా వచ్చారు కాబట్టి మీరూ అడగండి. పట్టాలున్నాయి, పర్మిషన్లున్నాయి అంటారు. వానకు పట్టాలతో పనేముంది? ఎనిమిది వందల ఏళ్ల కిందటి కట్టలు ఇప్పటికీ నిలిచి ఉంటే, మన కాలంలో పోసిన రోడ్లు ఒక వానకు కొట్టుకుపోవడం చూస్తే కోపం రాదా?

తిండి విషయం అడగలేదు కానీ చెప్తాను. బియ్యప్పిండితో చేసే సర్వపిండి వేడివేడిగా తినిపించండి. మావాళ్లు తెచ్చిన ఆత్రేయపురం పూతరేకులు మా గది ఓనర్ వాళ్లకు ఇస్తే, వాళ్లింట్లో చేసిన సర్వపిండి మాకు పంపించారు. హోటల్లో ఆ రుచి రాలేదు.

ఇక ఎప్పుడు రమ్మనాలి అంటే, ఆగస్టు, సెప్టెంబరుల్లో. వానలు బాగా పడి చెరువులు నిండితే మత్తడి దూకడం చూస్తారు. మే నెలలో మాత్రం రమ్మనకండి, ఎండకు గదిలోంచి కాలు బయట పెట్టలేరు. ములుగు నుంచి ఆటో మాట్లాడేటప్పుడు గుడి వరకే అనకండి. గుడి, చెరువు కట్ట, రెండు చోట్లా ఆగాలని ముందే చెప్పి బేరం చేసుకోండి. తర్వాత చెప్తే ఎక్కువ అడుగుతారు.