32 ఏళ్ల కొడుకు కోర్సుకి రిటైర్మెంట్ డబ్బు తియ్యాలా?

ప్రశ్న: నేను రిటైరైన స్కూల్ టీచర్‌ని. మాది హనుమకొండ. మా అబ్బాయికి 32 ఏళ్లు. బీకామ్ చదివి ఓ ఫైనాన్స్ కంపెనీలో కలెక్షన్స్ చూస్తున్నాడు. జీతం 24 వేలు. నాలుగేళ్ల పాప ఉంది. కోడలు డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేసి ఇంట్లోనే ఉంటోంది. ఇప్పుడు వాడు ఉద్యోగం మానేసి 11 నెలల డేటా సైన్స్ (కంప్యూటర్‌తో సమాచారాన్ని విశ్లేషించే చదువు) కోర్సులో చేరతానంటున్నాడు. ఫీజు 3 లక్షలు. వడ్డీ లేకుండా ఈఎంఐ ఇస్తారట. ఈఎంఐ మేలా, బ్యాంకు ఎడ్యుకేషన్ లోన్ మేలా, నా ఎఫ్‌డీ తీసి ఇవ్వనా? ఈ వయసులో చదువేమిటని ఇంట్లో రోజూ గొడవ.

జవాబు: మాస్టారూ, నమస్కారం. ఎఫ్‌డీ ముట్టుకోకండి. ముందు ఆ ముక్క చెప్పేసి మిగతాది మాట్లాడతాను.

మీరు అడిగింది అప్పు గురించే అయినా, మీ టెన్షన్ అది కాదు. ఉన్న ఉద్యోగం కూడా పోగొట్టుకుని వాడు రోడ్డున పడతాడేమోనని మీ భయం. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తుంటాయి. 32 ఏళ్లంటే చదువుకి ముదురు వయసేమీ కాదండీ. చదువు మధ్యలో ఆగినవాళ్ల కోసమే 1982లో మన దగ్గర దేశంలోనే మొదటి ఓపెన్ యూనివర్సిటీ పెట్టారు. అదే ఇప్పటి అంబేద్కర్ యూనివర్సిటీ. ఆదివారం ఏదైనా స్టడీ సెంటర్‌కి వెళ్లి కాసేపు కూర్చోండి. మీవాడి కంటే పెద్దవాళ్లు క్లాసు వింటూ కనిపిస్తారు.

నాకు అభ్యంతరం చదువు మీద కాదు, రాజీనామా మీద. మీరంతా 3 లక్షల ఫీజే చూస్తున్నారు. 11 నెలల జీతం 2,64,000 దాని పక్కన రాయండి. కోర్సు అయ్యాక ఉద్యోగం దొరికేదాకా ఖాళీగా ఉండే నెలలు కూడా కలపండి. లెక్క 6 లక్షలకు తేలుతుంది. అప్పు ఎక్కడ తెచ్చినా జీతం పోయే ఆ సగం భారం తగ్గదు.

ఇక వడ్డీ లేని ఈఎంఐ. సంతకం పెట్టాక మీవాడు బాకీపడేది ఇన్‌స్టిట్యూట్‌కి కాదు, వెనకున్న ఫైనాన్స్ కంపెనీకి. రేపు క్లాసులు ఆగిపోయినా వాయిదాలు ఆగవు. కట్టకపోతే, అప్పులు సరిగ్గా తీరుస్తాడా లేదా అని బ్యాంకులు చూసే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. కలెక్షన్స్‌లో పనిచేసేవాడికి ఇది మనం చెప్పాలా? మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారో అడగమనండి. తగ్గించేదంతా ఫీజులో దాచిన వడ్డీయే. అప్పిచ్చేవాళ్లు అన్ని ఖర్చులూ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో కాగితం మీద రాసివ్వాలని రిజర్వ్ బ్యాంక్ రూలుంది. ఆ కాగితం చూడకుండా ఫోన్‌లో ఓటీపీ చెప్పొద్దు.

బ్యాంకు లోన్ అంతకంటే చాలా మేలు. కోర్సు అయ్యాక కూడా మామూలుగా ఏడాది గడువిస్తారు, 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగరు. కానీ అది గుర్తింపు ఉన్న డిగ్రీలు, డిప్లొమాలకి. ప్రైవేటు సంస్థ ఇచ్చే ఇలాంటి సర్టిఫికెట్‌కి దొరకడం కష్టం. ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ చూపిస్తే పన్ను కలిసొస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. అది పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే వర్తిస్తుంది, పైగా 24 వేల జీతానికి పన్నే పడదు.

అసలు డేటా సైన్స్ అన్న మాట మీదే నాకు నమ్మకం తక్కువ. ఈ మూడు నాలుగేళ్లలో బ్యాంకు క్లర్కులు, టీచర్లు, మెడికల్ రెప్‌లు అందరూ అదే పేరు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. అది చెడ్డ చదువు కాదు. కానీ కొత్తవాళ్లను తీసుకునే కాస్త ఉద్యోగాలకీ ఇంజనీరింగ్ పిల్లలు, ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివినవాళ్లు క్యూలో ఉన్నారు. మీవాడు అక్కడికి వెళ్లి పదేళ్ల అనుభవాన్ని సున్నా చేసుకుని చివర నిలబడతాడు. ఎవరు అప్పు తీరుస్తారో, ఎవరు ఎగ్గొడతారో ముఖం చూసి చెప్పగలిగే అనుభవం అది. దానికి ఎక్సెల్, డేటాబేస్‌లోంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్, దాన్ని గ్రాఫుల్లో చూపించే పవర్ బీఐ కలిపితే ఫైనాన్స్ రంగంలోనే రిపోర్టులు తయారుచేసే ఎంఐఎస్, అప్పులు మంజూరు చేసే క్రెడిట్ విభాగాల్లో ఉద్యోగం అడగడానికి అర్హత వస్తుంది. సాయంత్రాలు అమీర్‌పేట ఇన్‌స్టిట్యూట్ల ఆన్‌లైన్ బ్యాచ్‌లో నేర్చుకోవచ్చు. ఆ ఫీజు జీతంలోంచే కట్టుకోవచ్చు.

కాదు, డేటా సైన్సే కావాలంటే ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్ బీఎస్ డిగ్రీ ఉంది. వయసు అడ్డు కాదు. ఎన్ని సబ్జెక్టులు తీసుకుంటే అంతకే ఫీజు, ఆదాయాన్ని బట్టి రాయితీ. ఫౌండేషన్ అనే మొదటి దశ దాకా చదివి ఆపినా సర్టిఫికెట్ చేతికొస్తుంది. చేరాలంటే ముందు నాలుగు వారాల పాఠాలు చదివి క్వాలిఫయర్ అనే అర్హత పరీక్ష రాయాలి. ఉద్యోగం చేస్తూ ఆ నాలుగు వారాలు నిలబడితే వాడికి ఆసక్తి ఉన్నట్టే. నిలబడలేకపోతే 3 లక్షలు మిగిలినట్టు.

మాస్టారూ, ఇప్పుడు కోపం తెచ్చుకోకండి. సర్వీసంతా పిల్లలకు పాఠాలు చెప్పినవారు ‘ఈ వయసులో చదువేమిటి’ అన్న మాట ఇంట్లో రోజూ ఎలా పడనిచ్చారు? 32 ఏళ్ల మనిషి తరఫున ఉత్తరం మీరెందుకు రాశారు? మీవాడికి సొంతంగా రాయడానికి చేతులున్నాయి. వాడి అప్పు వాడు తూచుకోవాలి. ఎఫ్‌డీ కరిగిపోయాక మీకో ఆపరేషన్ అవసరమైతే అప్పు చేసేది కూడా వాడే కదా.

ఇంకొకటి. మీ ఉత్తరంలో కోడలి గురించి ఒక్క వాక్యమే ఉంది. ఆ అమ్మాయి డిగ్రీ పూర్తి చెయ్యడానికి 3 లక్షలు అక్కర్లేదు. ఓపెన్ యూనివర్సిటీలో ఏడాదికి కొన్ని వేలతో అయిపోతుంది, తెలుగు మీడియం కూడా ఉంది. దూరవిద్య డిగ్రీ రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022లో మళ్లీ స్పష్టంగా చెప్పింది. డిగ్రీ అయితే బీఈడీకి ఎడ్‌సెట్ రాయొచ్చు, గ్రూప్స్ రాయొచ్చు. ఇంట్లో రెండో జీతం వస్తే మీవాడు నిశ్చింతగా ఉద్యోగం మారొచ్చు. ఆమె చదువుకి మీరు సాయం చేస్తానంటే నేను అడ్డు చెప్పను.

మీవాణ్ని ఒక్కణ్నే నాకు ఫోన్ చెయ్యమనండి. ఈలోగా కోడలి ఇంటర్ మెమో, డిగ్రీ మొదటి ఏడాది మెమో బీరువాలో ఎక్కడున్నాయో వెతికించండి. పాసైన సబ్జెక్టుల పాత క్రెడిట్లు ఏమైనా కలుస్తాయేమో స్టడీ సెంటర్‌లో చూపించి అడుగుదాం.