చైనా, కొరియా, ఇంగ్లండ్: అందరూ 'లీ'లే, మరి చుట్టాలేనా?

బ్రూస్ లీ, బ్రెట్ లీ, శామ్‌సంగ్ పెట్టిన లీ కుటుంబం... వీళ్లందరి మూలం ఒకటేనా అని అడిగారు. కాదండీ. ఎక్కడెక్కడివో పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసేసరికి ఒకేలా కనిపిస్తున్నాయి, అంతే.

మా ఆఫీసులో ముగ్గురు లీలు ఉండేవారు: సింగపూర్ ఆయన, సియోల్ అమ్మాయి, ఇంగ్లండ్ మేనేజరు. ఒకరికి పంపిన మెయిల్ ఇంకొకరికి పోవడం రోజూ ఉండే గోలే. నాకసలే ఇంటిపేర్ల పిచ్చి, లంచ్ టేబుల్ దగ్గర కదిపాను.

సింగపూర్ ఆయన టిష్యూ కాగితం మీద తన అక్షరం గీశాడు. పైన చెట్టు గుర్తు, కింద పిల్లవాడి గుర్తు. కలిపితే ప్లమ్ చెట్టు. 618 నుంచి 907 దాకా చైనాను ఏలిన తాంగ్ చక్రవర్తుల ఇంటిపేరు ఇదే. మెచ్చిన సేనానులకూ, తమ పక్షం చేరిన తెగల నాయకులకూ ఈ పేరునే బహుమానంగా ఇచ్చేవారు. అంటే రాజరక్తం చుక్క లేకుండా లీలైపోయినవాళ్లూ ఉన్నారన్నమాట. చైనా లీలంతా ఒక వంశం అనుకోవడమే పొరపాటు.

సియోల్ అమ్మాయి ఆ కాగితం చూసి "నాదీ ఇదే అక్షరం" అంది. పలకడం మాత్రం దక్షిణ కొరియాలో 'ఈ', ఉత్తర కొరియాలో 'రి'. వెంటనే "మేం జొంజు లీలం" అని కూడా చేర్చింది. వాళ్లకు ఇంటిపేరొక్కటే చాలదు, వంశం పుట్టిన ఊరూ చెప్పాలి. మనవాళ్లు గోత్రం అడిగినట్టే. 1392 నుంచి 1910 దాకా ఏలిన జొసొన్ రాజులు ఈ జొంజు లీలే. ఇంటిపేరూ ఊరూ రెండూ కలిస్తే పెళ్లి కుదరదన్న చట్టం కూడా ఉండేది. దాన్ని 1997లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం తప్పుపట్టింది. హ్వాసాన్ లీలైతే తమ మూలపురుషుడు వియత్నాం నుంచి పారిపోయి వచ్చిన రాజకుమారుడని చెప్పుకుంటారు. వియత్నాంలోనూ లీ వంశం రాజ్యమేలింది మరి!

మేనేజరుకు తన పేరు గురించి ఏమీ తెలియదు, తర్వాత నేనే చదివి చెప్పాను. పాత ఇంగ్లిష్‌లో అడవి మధ్య చెట్లు లేని జాగాను 'లేయా' లాంటి మాటతో పిలిచేవారు. అలాంటి చోట్ల వెలిసిన ఊళ్లవాళ్లు లీలయ్యారు. మన వేమూరి, తెనాలి వారిలాగా ఊరిపేరే ఇంటిపేరు. కాకపోతే ఆ పేరుతో బోలెడు ఊళ్లున్నాయి, కాబట్టి ఇంగ్లండ్ లీలూ ఒకరికొకరు ఏమీ కాకపోవచ్చు. ఐర్లండ్‌లో కొందరి లీ 'పద్యం' అనే మాట నుంచి వచ్చింది. ఐక్యరాజ్యసమితి మొదటి ప్రధాన కార్యదర్శి ట్రిగ్వే లీ నార్వే ఆయన, అక్కడ ఆ పేరుకు మూలం కొండవాలు.

స్పైడర్‌మ్యాన్ సృష్టికర్తల్లో ఒకరైన స్టాన్ లీని మాత్రం ఈ గుంపుల్లో దేంట్లోనూ కలపకండి. ఆయన అసలు పేరు స్టాన్లీ లీబర్. 'స్టాన్లీ'నే రెండు ముక్కలు చేసి పెట్టుకున్నాడు.