ఫోన్ గది మారితే కాల్ తెగకూడదంటే: మీ వైఫై ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మాది మండువా ఇల్లు. ఫైబర్ బాక్సు వీధి సావిట్లో ఉంది. వంటింట్లోకి సిగ్నల్ రాక పెరటి వైపు ఇంకో రౌటర్ పెట్టించాం. వీడియో కాల్ మాట్లాడుతూ అటు వెళ్తే బొమ్మ ఆగిపోయి కాల్ తెగుతోంది. రెండింటికీ ఒకే పేరు పెట్టినా అంతే. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ఒకే పేరు పెట్టడం మంచిదే కానీ దాంతో సగం పనే అయింది. మీ రెండో రౌటర్ ఇంకా రౌటర్‌గానే ఉండి, ఇంట్లో తన సొంత నెట్‌వర్క్ నడుపుతున్నట్టుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై పేరు నొక్కి ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఫోన్‌కి ఇచ్చే నంబరు) చూడండి. సావిట్లో 192.168.1తోనూ, వంటింట్లో 192.168.0తోనూ మొదలైతే లోపం అదే. అడ్రస్ మారిన క్షణాన నడుస్తున్న కాల్‌కు దారి మూసుకుపోతుంది.

రెండో రౌటర్‌లో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ (సొంత నెట్‌వర్క్ నడపకుండా వైఫై మాత్రమే ఇచ్చే పద్ధతి) ఉంటే అది ఎంచుకోండి, మిగతాదంతా అదే చూసుకుంటుంది. లేకపోతే మీరే చేయాలి, వరస తప్పకుండా. ముందు దాని ల్యాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) అడ్రస్‌ను 192.168.1.2గా మార్చండి (సావిట్లో బాక్సు 192.168.1.1 అనుకుంటే). సావిట్లో బాక్సు ఆ 2ను వేరే ఫోన్‌కి ఇచ్చేయకుండా, అది పంచే అడ్రస్‌లు 10 నుంచి మొదలయ్యేలా పెట్టండి. కొత్త అడ్రస్‌తో మళ్లీ లోపలికెళ్లి చివర్న డీహెచ్‌సీపీ (ఫోన్లకు అడ్రస్‌లు పంచే పని) ఆపండి. ఇది ముందే ఆపేస్తే మీ ఫోన్‌కి అడ్రస్ దొరక్క సెట్టింగుల్లోకి వెళ్లడమే కష్టమవుతుంది. ఇప్పుడు సావిట్లో బాక్సు ల్యాన్ పోర్టు నుంచి దీని ల్యాన్ పోర్టుకే కేబుల్ పెట్టండి. రంగు వేరుగా ఉండే వ్యాన్ (బయటి ఇంటర్నెట్ కేబుల్ పెట్టే) పోర్టు ఖాళీగానే ఉండాలి.

పేరుతో పాటు పాస్‌వర్డూ, సెక్యూరిటీ రకమూ ఒకటే కావాలి. ఒకదానిలో డబ్ల్యూపీఏ2, ఇంకోదానిలో డబ్ల్యూపీఏ3 ఉంటే కొన్ని ఫోన్లు మారవు. రెండింటిలోనూ డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పెట్టండి. పేరు చివర ఒక్క ఖాళీ పడినా ఫోన్‌కి అది వేరే నెట్‌వర్కే. తర్వాత ఫోన్లలో పాత పేర్లన్నీ తీసేయండి.

కేబుల్ దగ్గర పొదుపు వద్దు. పూర్తి రాగి తీగలున్న క్యాట్6 అడగండి. 100 మీటర్ల వరకూ లాగొచ్చు. రాగి పూత పూసిన అల్యూమినియం రకం చౌకే కానీ వంచితే విరుగుతుంది, కొసలు వదులవుతాయి. ఎనిమిది తీగల్లో ఒక్కటి అంటుకోకపోయినా వేగం 1000 నుంచి 100 ఎంబీపీఎస్‌కి పడిపోవచ్చు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ప్లగ్గు పిన్నులకు పచ్చటి చిలుం పడుతుంది. తుడిచి లాభం లేదు, కొస కత్తిరించి కొత్త ప్లగ్గు వేయించండి.

ప్రశ్న: కేబుల్ వేసి, యాక్సెస్ పాయింట్ మోడ్ పెట్టి అంతా సరిచేశాం. అయినా రెండో రౌటర్ పక్కనే కూర్చుంటే ఫోన్ మాత్రం ముందుగదిలో దాన్నే పట్టుకుని ఉంటోంది.
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఎప్పుడు మారాలో తేల్చేది రౌటర్ కాదు, ఫోన్. ఐఫోన్ సంగతే చూడండి. పట్టుకున్న సిగ్నల్ మైనస్ 70 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ బలహీనం) కంటే పడిపోతేనే అది కొత్తదాని కోసం వెతుకుతుంది. దొరికినది 8 డీబీ మెరుగైతేనే వెళ్తుంది. ఫోన్ ఖాళీగా ఉంటే 12 డీబీ తేడా కావాలి. ఆండ్రాయిడ్‌లో ఈ లెక్క కంపెనీని బట్టి మారుతుంది. మీ గదిలో ముందుగది రౌటర్ సిగ్నల్ మైనస్ 64 ఉందనుకోండి, ఫోన్ దృష్టిలో అంతా బాగానే ఉంది, కదలదు.

కాబట్టి సిగ్నల్ పెంచడం కాదు, తగ్గించాలి. రెండు రౌటర్లలోనూ ట్రాన్స్‌మిట్ పవర్ ‘హై’ నుంచి ‘మీడియం’కి, 2.4 గిగాహెర్ట్జ్‌ది (5 గిగాహెర్ట్జ్ కంటే దూరం వెళ్లే వైఫై బ్యాండ్) ‘లో’కి దించండి. సిగ్నల్ కొలిచే యాప్ తెరిచి, ఫోన్ మారాలనుకున్న గుమ్మంలో నిలబడండి. అక్కడ రెండూ మైనస్ 65, 70 మధ్య రావాలి. ఆ గుమ్మం దాటి రెండడుగులు వేయగానే పాతది 70 దిగువకు జారాలి. మైనస్ 75 కూడా దాటిపోతే బాగా తగ్గించినట్టు, ఒక మెట్టు పెంచండి.

2.4లో రెండింటికీ ఒకే ఛానెల్ వద్దు. 1, 6, 11లో చెరొకటి, వెడల్పు 20 మెగాహెర్ట్జ్. 5 గిగాహెర్ట్జ్‌లో ఒకటి 36, ఇంకోటి 149 పెట్టండి.

మెనూలో 802.11కే, వీ కనిపిస్తే ఆన్ చేయండి. పక్కన ఏ యాక్సెస్ పాయింట్లున్నాయో ఫోన్‌కి చెప్పేది కే. అటు వెళ్లమని సూచించేది వీ. 2008లో వచ్చిన 802.11ఆర్ మారేటప్పుడు పాస్‌వర్డ్ తనిఖీని కుదిస్తుంది, కాల్స్‌కి మంచిది. కానీ పాత ప్రింటర్లూ, కెమెరాలూ, వైఫై బల్బులూ ఆర్ ఉంటే కలవకపోవచ్చు. వాటికి 2.4లో వేరే పేరుతో ఒక నెట్‌వర్క్ ఇచ్చేయండి.

ప్రశ్న: మూడంతస్తుల డాబా. కేబుల్ లాగే వీల్లేదు. రిపీటర్ కొనాలా, మెష్ కొనాలా?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: మెష్, అంటే ఒకే నెట్‌వర్క్‌గా కలిసి పనిచేసే వైఫై పెట్టెల జట్టు. చౌక రిపీటర్ ఒకే ఛానెల్‌లో వింటూ, మళ్లీ చెబుతూ వేగాన్ని దాదాపు సగం చేస్తుంది. మెష్ పెట్టెను సిగ్నల్ అందని గదిలో కాదు, అక్కడికి సగం దూరంలో, సిగ్నల్ ఇంకా బాగున్నచోట పెట్టాలి. శ్లాబులో ఇనుప చువ్వలుంటాయి కనుక మెట్ల దారిలో ఒకదాని పైన ఒకటి వచ్చేలా ఉంచండి. ఇనుప బీరువా వెనకా, నిలువుటద్దం వెనకా వద్దు. టీవీ కేబుల్ పైపు ఎక్కడైనా ఖాళీగా ఉందేమో ఇంకోసారి చూడండి. ఒక్క అంతస్తుకి క్యాట్6 దిగినా మెష్ ఎంతో మెరుగవుతుంది.

ప్రశ్న: ఇంటికీ కొబ్బరితోటలో షెడ్డుకీ మధ్య 80 మీటర్లు. వానాకాలంలో సిగ్నల్ అసలు అందదు. క్యాట్6 లాగొచ్చా?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: దూరం సరిపోతుంది కానీ వద్దు. పిడుగు దగ్గర్లో పడినా చాలు, రెండు కట్టడాల మధ్య రాగి తీగలో కరెంటు పుట్టి రెండు వైపులా పోర్టులు మాడిపోతాయి. ఇనుప తీగ లేని ఫైబర్ వేయించి, రెండు కొసలా మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను మామూలు నెట్‌వర్క్ కేబుల్‌తో కలిపే పెట్టెలు) పెట్టించండి. ఒకే పోగు ఫైబర్ అయితే ఒకటి ఏ, రెండోది బీ రకం కావాలి. రెండూ ఒకటే అయితే లింకు రాదు. వానకు తడిసిన మట్టలు సిగ్నల్‌ను తాగేస్తాయి, 5 గిగాహెర్ట్జ్‌ను మరీను. షెడ్డులో విడిగా యాక్సెస్ పాయింట్ పెట్టక తప్పదు.

ప్రశ్న: కరెంటు పోతే ముందుగదిలో నెట్ ఉంటుంది, వెనక ఉండదు. ఎందుకు?
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: వెనక రౌటర్ ఇన్వర్టర్ లైన్ మీద లేదు. తుపాను రోజుల్లో గంటల తరబడి ఇదే ఇబ్బంది. ఆ ప్లగ్గును ఇన్వర్టర్ లైన్‌కి మార్పించండి. కొత్తగా కొనేవారు పీవోఈ యాక్సెస్ పాయింట్ తీసుకుంటే కరెంటు క్యాట్6 లోంచే వెళ్తుంది. 802.3ఏఎఫ్ రకం స్విచ్ ఒక్కో పోర్టుకి 15.4 వాట్ల వరకూ ఇస్తుంది. అప్పుడు ముందుగదిలో ఫైబర్ బాక్సుకూ, స్విచ్‌కూ కలిపి ఒక్క యూపీఎస్ చాలు. 12 వోల్టుల చిన్న యూపీఎస్‌తో పీవోఈ స్విచ్ నడవదు, దానికి చాలావరకు 48 వోల్టులు కావాలి. 230 వోల్టులిచ్చే రకమే కొనండి.